ఎక్స్‌పైరీ డేట్ చూడకుండా కొన్న సర్వీస్ ప్లాన్

సంపాదకుల వారికి నమస్కారం.

తెనాలిలో ఇరవై రెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. స్ట్రిప్పు చేతిలోకి రాగానే నా కన్ను ముందు ఎక్స్‌పైరీ డేట్ మీదకే పోతుంది. ఇంట్లో పాల ప్యాకెట్ కూడా తిప్పి చూసిగానీ కత్తిరించను, మా ఆవిడకి అదో నవ్వు. అలాంటి నేను రూ.27,500 పెట్టి, ఎప్పుడు చెల్లుతుందో ఎప్పుడు చెల్లదో చదవకుండా ఒక సరుకు కొన్నాను. దాని పేరు ప్రీపెయిడ్ మెయింటెనెన్స్ ప్లాన్. అంటే కారు కొన్నరోజే రాబోయే నాలుగేళ్ల సర్వీసులకు డబ్బు ముందే కట్టేయడం. ఈమధ్య మా మేనల్లుడు హైదరాబాద్‌లో కారు బుక్ చేసి, “మావయ్యా, షోరూమ్ వాళ్లు ఈ ప్లాన్ తీసుకోమంటున్నారు, తీసుకోనా?” అని ఫోన్ చేశాడు. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఆ రాత్రి కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంటే తేలిన లెక్క మీ పాఠకులకు కూడా పనికొస్తుందని రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఏమీ అనుకోవద్దు.

2022 వినాయక చవితి రోజు విజయవాడలో కారు డెలివరీ తీసుకున్నాం. చిన్న పెట్రోలు కారు. దాని మీద ఎర్ర గుడ్డ కప్పి ఉంచారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, పూజారి గారు వర్జ్యం వచ్చేస్తుందని తొందరపెడుతున్నారు, మనవరాలు కారు హారన్ కొట్టాలని ఏడుపు. సరిగ్గా ఆ టైంలో సేల్స్ కుర్రాడు ట్యాబ్ పట్టుకొచ్చి, “సార్, ఇక్కడొక సంతకం, ఇది సర్వీస్ ప్యాకేజీ, నాలుగేళ్లు మీరు జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు” అన్నాడు. కొటేషన్‌లో లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ వరుసలో అదీ ఒక లైను. మొత్తం లోన్‌లో కలిసిపోతుంది, నెలకి ఆరొందలు కూడా పడదు అన్నాడు. ఎనిమిది లక్షల దగ్గర ఇరవై ఏడు వేలు కనపడవు కదా, వేలితో గీకేశాను. ఆ రోజు నా దృష్టి నిమ్మకాయల మీద ఉంది.

ఇప్పుడు లెక్కకొద్దాం. ప్లాన్ నాలుగేళ్లు లేదా 40,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఏడాదికొకటి చొప్పున నాలుగు సర్వీసులు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, చివరి సర్వీసులో స్పార్క్ ప్లగ్‌లు, వీటికయ్యే లేబరు అందులోనే. అదే వర్క్‌షాపులో ప్లాన్ లేనివాళ్లకు ఎంత పడుతుందో కౌంటర్లో అడిగి ప్రిస్క్రిప్షన్ వెనక రాసుకొచ్చాను. మొదటిది 4,200, రెండోది 6,800, మూడోది 6,100, నాలుగోది 11,300. మొత్తం 28,400. అంటే నాకు మిగిలింది తొమ్మిదొందల రూపాయలు! కుర్రాడు ఇరవై శాతం ఆదా అని కదా చెప్పాడు, ఆ ఇరవై ఎక్కణ్నుంచి వచ్చిందా అని వెతికితే, కంపెనీ ఎలాగూ ఉచితంగా చేసే మొదటి మూడు సర్వీసుల లేబరు కూడా అందులో కలిపి చూపించాడు. ఫ్రీగా వచ్చేదాన్ని డిస్కౌంట్ అని చూపించడం. మా వ్యాపారంలో ఇలా చేస్తే కస్టమరు కౌంటరు మీద చెయ్యి పెట్టి నిలదీస్తాడు.

తొమ్మిదొందలైనా లాభమే కదా అంటారా? ఆ 27,500 నా దగ్గరే ఉంచుకుని ఆరున్నర శాతం వడ్డీకి వేసి, ఏటా సర్వీసుకు కావలసినంతే తీసుకుంటూ పోయుంటే, నాలుగో సర్వీసు కూడా చేయించాక ఇంకా దాదాపు 4,800 మిగిలేవి. రేట్లు పెరగవా అని మా ఆవిడ అడిగింది, సరైన ప్రశ్నే. ఏటా అయిదు శాతం పెరుగుతాయనుకుని మళ్లీ లెక్క వేస్తే చివరికి మూడొందలు మిగిలింది, అంటే సరికి సరి. నేనేమో చేతి డబ్బు కట్టలేదు, లోన్‌లో కలిపించాను. తొమ్మిది శాతం వడ్డీ, అయిదేళ్లు. ఆ 27,500కి నెలకు 571 చొప్పున అరవై నెలలు కడితే 34,250 దాటుతుంది. 28,400 చేసే పనికి 34,250! ఇంకో విచిత్రం చూడండి, ప్లాన్ 2026 ఆగస్టులో అయిపోతుంది, దాని వాయిదా మాత్రం 2027 దాకా నడుస్తుంది. తినేసిన టిఫిన్‌కి ఏడాది తర్వాత కూడా బిల్లు కడుతున్నట్టుంది.

“రేట్లు పెరుగుతాయి సార్, ఇప్పుడే లాక్ చేసుకోండి” అన్న మాట గురించి కూడా చెప్పాలి. తాళం రెండు వైపులా పడుతుంది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారినప్పుడు చాలా కారు విడిభాగాల మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది. చిన్న కార్ల మీద కూడా అలాగే తగ్గింది, మా మేనల్లుడు అందుకే ఇప్పుడు కొంటున్నాడు. మరి పాత పన్నుతో మూడేళ్ల ముందే డబ్బు కట్టేసిన నాబోటి వాళ్లకు ఆ తేడా వెనక్కి వస్తుందా అని వర్క్‌షాపులో అడిగితే, సర్వీస్ అడ్వైజర్ నన్ను అదోలా చూసి, “సార్, మీది లాక్డ్ ప్రైస్ కదా” అన్నాడు.

ఇక జేబులో చెయ్యి పెట్టక్కర్లేదన్న సంగతి. మొదటి ఏడాది సర్వీసుకు వెళ్లాను. జాబ్ కార్డ్ మీద ఆయిల్‌కి సున్నా, ఫిల్టర్‌కి సున్నా, చూడముచ్చటగా ఉంది. దాని కింద వరసగా థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్, వీల్ అలైన్‌మెంట్. అన్నీ కలిపి 2,940. ఇవి ప్యాకేజీలో రావట. బండి ఆరు వేల కిలోమీటర్లు తిరిగింది, అప్పుడే థ్రాటిల్ బాడీ ఎందుకు కడగాలి బాబూ అంటే, “రికమెండెడ్ సార్” అన్నాడు. రికమెండెడ్ అంటే తప్పనిసరి కాదని, వద్దని రాసి సంతకం పెడితే చెయ్యరని నాకు అప్పుడు తెలియదు. సాయంత్రం బండి ఇస్తూ కీ చెయిన్ ఒకటి ఇచ్చారు. 2,940 రూపాయల కీ చెయిన్ అని మా ఆవిడ దాన్ని దేవుడి గది తాళానికి తగిలించింది, నేను మర్చిపోకూడదని కాబోలు.

అసలు దెబ్బ రెండో ఏడాది తగిలింది. 2024 ఆగస్టు 31 నాకు గడువు, ఆ తర్వాత ముప్పై రోజులు గ్రేస్. నెలాఖరులో వెళ్దాంలే అనుకున్నాను. సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి వచ్చి విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట ఎలా మునిగాయో మీ పత్రికలోనే రోజూ చూశాం. నీళ్లు తీశాక మునిగిన బళ్లన్నీ వర్క్‌షాపులకు వరస కట్టాయి. గేటు బయట రోడ్డు పక్కన కూడా బురద పట్టిన కార్లే, సీట్లు ఊడదీసి ఎండలో పెట్టారు. ఫోన్ చేస్తే “వచ్చేవారం చేయండి సార్” అంటారు, వచ్చేవారం చేస్తే మళ్లీ అదే మాట. వాళ్లనీ అనలేం, అక్కడి పరిస్థితి అలాంటిది. చివరికి అక్టోబరు 9న రమ్మన్నారు. వెళితే సిస్టమ్‌లో నా రెండో సర్వీసు ‘ల్యాప్స్’ అని చూపిస్తోంది.

ల్యాప్స్ అంటే డబ్బు తిరిగిరాదు, సర్వీసూ లేదు, మూడోదానికి వచ్చే ఏడాది రావాలి. మీరే కదండీ రావద్దన్నది అంటే, “ఏ నంబరు నుంచి చేశారు, ఎవరితో మాట్లాడారు?” అన్నారు. రాసుకోలేదు. షాపులో అప్పుకి మందులు తీసుకెళ్లిన వాళ్ల పేర్లు మాత్రం పదేళ్లవి రాసి ఉన్నాయి! గంటసేపు వాదిస్తే మేనేజరు దయతలిచి లేబరు మాఫీ చేశాడు, ఆయిల్‌కీ ఫిల్టర్లకీ నేను కట్టాను.

ఇక్కడ మీరు అడగొచ్చు, విజయవాడలో రద్దీగా ఉంటే గుంటూరు వెళ్లొచ్చుగా, తెనాలికి అదీ దగ్గరే కదా అని. వెళ్లాను. అదే కంపెనీ, అదే బోర్డు, అదే రంగు యూనిఫాం. కౌంటర్లో అమ్మాయి నా కాగితం చూసి, “ఇది కంపెనీ ప్లాన్ కాదండీ, ఆ డీలరుగారి సొంత ప్యాకేజీ, మా దగ్గర చెల్లదు” అంది. నాకు నిజంగా అప్పటిదాకా తెలియదు. పైన కంపెనీ లోగో పెద్దగా ఉంది, కింద చీమ తలకాయంత అక్షరాల్లో డీలరు పేరు ఉంది. కంపెనీ అమ్మే ప్లాన్ అయితే మామూలుగా దేశంలో వాళ్ల అధీకృత వర్క్‌షాపు ఏదైనా తీసుకుంటుంది, డీలరు సొంతంగా కట్టిన ప్యాకేజీకి వాళ్ల గేటు దాటితే విలువ లేదు. ప్లాన్ కొనబోయే వాళ్లు ఇంకేమీ అడక్కపోయినా ఈ ఒక్కటీ అడగండి: ఇది కంపెనీదా, మీదా?

ఆ వరదల్లోనే మా తోడల్లుడి కారు సింగ్‌నగర్‌లో స్టీరింగ్ దాకా మునిగింది. ఆయనకూ ఇలాంటి ప్లాన్ కార్డు ఉంది, అది పట్టుకుని “అంతా కవర్ అవుతుందన్నారయ్యా” అంటాడు. కవర్ కాదు. మెయింటెనెన్స్ ప్లాన్ అంటే వేళకు ఆయిల్ మార్చడం, అంతే. ఏదన్నా పార్టు తయారీ లోపంతో పాడైతే దానికి వారంటీ ఉంది, ఆ గడువు తీరాక కావాలంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ అని వేరే కొనుక్కోవాలి. వరద, యాక్సిడెంట్ లాంటివి ఇన్సూరెన్స్ చూసుకుంటుంది. అందులోనూ నీళ్లలో ఉన్న ఇంజిన్ని స్టార్ట్ చేసి చెడగొట్టుకుంటే మామూలు పాలసీ ఇవ్వదు, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉండాలి. మా తోడల్లుడి అదృష్టం, తాళం తిప్పకుండా బండిని లాగించాడు, ఇన్సూరెన్స్‌లో బయటపడ్డాడు. షోరూమ్‌లో ఈ మూడింటినీ ఒకే ఊపిరిలో ‘ప్రొటెక్షన్’ అని చెప్పేస్తారు, మనమూ అన్నీ ఒకటే అనుకుని తలూపుతాం. మందుల భాషలో చెప్పాలంటే విటమిన్ బిళ్లని యాంటీబయాటిక్ అనుకుని కొనుక్కెళ్లినట్టు.

నేను ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లకు మించి తిరగను. షాపు, ఇల్లు, నెలకోసారి విజయవాడ, ఏడాదికోసారి తిరుపతి. తక్కువ తిరిగేవాడికి ప్లాన్ దండగ అని అందరూ అంటారు, ఆ మాట సగమే నిజం. ఏడాదికోసారి ఆయిల్ మార్చాలని కంపెనీ పుస్తకంలోనే ఉంది కాబట్టి ఆరు వేలు తిరిగినా నాలుగు సర్వీసులూ పడతాయి. తేడా వచ్చేది ఖరీదైన ప్లాన్‌లో. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, వైపర్ బ్లేడ్లు కూడా కలిపి నలభై వేలకో నలభై అయిదు వేలకో అమ్ముతారు చూడండి, అది నాలాంటి వాడు కొంటే నాలుగేళ్లలో 24,000 కిలోమీటర్లకు బ్రేక్ ప్యాడ్లు అరగను కూడా అరగవు, వాటి డబ్బు గాలికే. అదే రోజూ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కుతూ నెలకు పన్నెండు వందల కిలోమీటర్లు తిరిగేవాడికి మూడేళ్లు కాకముందే 40,000 దాటుతుంది, కట్టిన డబ్బు త్వరగా చేతికొస్తుంది, ప్యాడ్లూ అరుగుతాయి. అలాంటి వాడికి, ఇంటి పక్కనే వర్క్‌షాపు ఉంటే, నేను తీసుకోమనే చెబుతాను. మోసం అని కొట్టిపారేసే సరుకు కాదిది. కాకపోతే డోసు మనిషిని బట్టి ఉండాలి. ఎలక్ట్రిక్ కారు వాళ్లయితే ఇంకా ఆలోచించాలి, ఇంజిన్ ఆయిలే లేని బండికి అంత డబ్బు దేనికి అడుగుతున్నారో ఒక్కో ఐటమ్ రాయించుకోండి.

ఆటోనగర్‌లో నా పాత స్కూటర్ రోజుల నుంచి తెలిసిన మెకానిక్ ఒకతను ఉన్నాడు. ఇప్పుడు కార్లే చేస్తున్నాడు. అతన్ని అడిగితే, కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్, ఒరిజినల్ ఫిల్టర్లు, నా ముందే సీల్ తీసి పోసి, నాలుగు సర్వీసులూ కలిపి పదిహేడు వేలు దాటదు బాబాయ్ అన్నాడు. కానీ వారంటీ? “బయట చేయిస్తే వారంటీ పోద్ది సార్” అన్నది షోరూమ్‌లో ఎవరైనా చెప్పే మొదటి మాట. దీని మీద మన దేశంలో పెద్ద కేసే నడిచింది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్, అంటే వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కేంద్ర సంస్థ, 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని, బయట చేయించుకుంటే చాలు వారంటీ రద్దు అని గంపగుత్తగా షరతు పెట్టకూడదని ఆ ఉత్తర్వులో చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. పదేళ్లు దాటినా కౌంటర్ దగ్గర ఆ పాత పాటే వినిపిస్తోందని మాత్రం చెప్పగలను. నా మటుకు నేను వారంటీ ఉన్నన్నాళ్లూ షోరూమ్‌కే వెళ్తాను, ఎందుకంటే రేపు ఇంజిన్‌లో ఏదన్నా వస్తే ఆ వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు. ఆ భయమే వాళ్ల పెట్టుబడి అని తెలిసీ వెళ్తాను.

సరే, మేనల్లుడికి ఏం చెప్పాను? వాడి ఆఫీసు గచ్చిబౌలిలో, రోజూ రానూపోనూ నలభై కిలోమీటర్లు, వర్క్‌షాపు ఇంటికి పది నిమిషాలు. తీసుకో, కానీ డెలివరీ రోజు తీసుకోకు అన్నాను. చాలా ప్లాన్లు మొదటి పెయిడ్ సర్వీసు లోపు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, ఈ రోజే ఆఫర్ ఆఖరు అనేది వాళ్ల టార్గెట్ గొడవ. లోన్‌లో కలపనివ్వొద్దు, విడిగా కట్టు, విడి రసీదు తీసుకో. కంపెనీ వెబ్‌సైట్‌లో సర్వీసు ఖర్చు చూపించే పేజీ ఉందేమో చూసి, నీ ఊరు, నీ మోడల్ కొట్టి కూడిక వేసుకో. కారు అమ్మేస్తే కొత్త ఓనరుకు మారుతుందా, మధ్యలో వద్దనుకుంటే ఎంత వెనక్కిస్తారు అనేవి వాట్సాప్‌లోనైనా రాయించుకో. వాడు ఇవన్నీ అడిగేసరికి షోరూమ్ వాళ్లు మొదట్లో విసుక్కున్నారట, తర్వాత నాలుగు వేలు తగ్గించారట. తగ్గించగలిగారంటే అందులో ఎంత మార్జిన్ ఉందో నాకు వేరే చెప్పక్కర్లేదు, నేనూ కౌంటర్ వెనక నిలబడేవాణ్నే.

మీ పత్రిక ద్వారా రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వారిని నేను అడిగేది చాలా చిన్నది. పది రూపాయల మాత్రల స్ట్రిప్పు మీద కూడా అందులో ఏముందో, ఎప్పటిదాకా చెల్లుతుందో, ధర ఎంతో అచ్చు వేయాలని చట్టం ఉంది, వేయకపోతే డ్రగ్ ఇన్‌స్పెక్టర్ నా షాపుకొస్తాడు. ఇరవై ఏడు వేల ప్లాన్‌కి ఆ మాత్రం ఉండొద్దా? ఒకే ఒక్క పేజీ, తెలుగులో. ఏ సర్వీసులో ఏం మారుస్తారు, విడిగా చేయిస్తే ఒక్కోటి ఎంత, ఏవి రావు, గడువు ఏ తేదీ, ఎవరి ప్లాన్, ఎక్కడెక్కడ చెల్లుతుంది, వద్దంటే ఎంత తిరిగిస్తారు. ఇది సంతకానికి కనీసం ఒక రోజు ముందు ఇవ్వాలి, పూజారి గంట కొడుతుంటే కాదు. వరదల్లాంటివి వచ్చి వర్క్‌షాపే తీసుకోలేని పరిస్థితిలో గడువు దానంతటదే పెరగాలి. అప్పుడు విజయవాడలో నాలాంటి వాళ్లు ఇంకెంతమంది సర్వీసు పోగొట్టుకున్నారో.

నేను ఫిర్యాదు ఎందుకు చెయ్యలేదని అడుగుతారు. చేసి ఉండాల్సింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే కేసు వేయొచ్చు, అయిదు లక్షల లోపు కొన్నదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి, అప్పటికి చేతిలో రుజువు లేదు. రెండేళ్ల లోపు వేయాలన్న నియమం ఉంది కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోలేదంటాడు మా వీధి లాయరు, ఫోన్ కంపెనీ నుంచి పాత కాల్ రికార్డు జాబితా దొరుకుతుందేమో కనుక్కుంటున్నాను.

మూడో సర్వీసు నిరుడు వేళకే చేయించాను, రికమెండెడ్ ఐటమ్స్ అన్నింటికీ వద్దని రాసి సంతకం పెట్టాను, బిల్లు సున్నా వచ్చింది. అడ్వైజర్ ఈసారి కీ చెయిన్ ఇవ్వలేదు. ఆఖరిది ఈ ఆగస్టులో ఉంది, నాలుగింట్లోకి ఖరీదైనది అదే, 11,300ది. జూలై 1నే మెసేజ్ పెట్టి, స్లాట్ ఇచ్చిన స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటాను. షాపులో క్యాలెండర్ మీద ఇప్పటికే ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టాను, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ స్టాకుకి చుట్టినట్టే.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
తెనాలి